ఆరు అంటే తొమ్మిది

బుధవారం, ఫిల్మ్ నగర్

షూటింగ్ తొమ్మిదికైతే నటులకు ఆరు గంటలని చెప్పడం ప్రొడక్షన్ మేనేజరుగా నాకు అలవాటు. ఎవరూ చెప్పిన వేళకు రారు కదా. ఈరోజు సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు సెలవు పెట్టి చిన్న వేషం వేయడానికి వచ్చిన కొత్త అమ్మాయి సరిగ్గా ఆరుకే వచ్చి, మూడు గంటలు మెట్ల మీద కూర్చుంది.

"షూటింగ్ తొమ్మిదికని మీకు ముందే తెలుసా అంకుల్?" అని అడిగింది.

తెలుసన్నాను.

సాయంత్రం, ఎవరు ఎన్నింటికి రావాలో రాసే రేపటి కాల్ షీటులో అసలు సమయమే రాశాను. మేకప్ యాదగిరి చూసి, "గిట్ల రాస్తే ఒక్కడు గూడ టైముకు రాడన్నా. షూటింగ్ ఆగితే నీ నౌకరీ పోతది" అన్నాడు. అయినా అందరికీ ఫోన్ చేసి తొమ్మిదనే చెప్పాను.

హీరో డ్రైవర్ నవ్వాడు. "అంటే పన్నెండా సార్?"

కాదు, తొమ్మిదే అన్నాను. నమ్మినట్లు లేదు. ఇన్నేళ్లుగా వాళ్లకు ఆ లెక్క నేర్పింది నేనే.