నాలుగింతలు చాలు

హామిల్టన్, మోంటానా
సెప్టెంబరు 20

ప్రియమైన వెల్డా అక్కకి,

నీ రైఫిల్ మీదున్న ఆ స్కోపు, ఆ గురి దుర్బిణీ, పీకి పారెయ్. ఎప్పుడు చూసినా నాలుగింతలు పెద్దగా మాత్రమే చూపిస్తుంది. ఈ ఏడు వేట క్యాంపులో మేమందరం మూడింతల నుంచి పన్నెండింతల దాకా తిప్పుకునే కొత్తవి బిగించుకున్నాం. అరవై దాటిన కళ్ళతో ఆ పాత గాజులోంచి చూసి నువ్వు ఎల్క్ దుప్పిని గాయపరిచి వదిలేస్తే, మాట పడేది నేను. మార్చుకో. లేదంటే మా ఆవిడ ఐలీన్‌తో పాటు వంట డేరాలో ఉండు. నాన్న తర్వాత క్యాంపు పెద్దని నేనే కదా, కోపం తెచ్చుకోకు.

నీ తమ్ముడు,
ఆర్విన్

అక్టోబరు 2

ఒరే ఆర్విన్,

ప్రియమైన తమ్ముడని రాద్దామనే కూర్చున్నాను, చెయ్యి రాలేదు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత! దుప్పిని వెతకడానికి నా మెడలో బైనాక్యులర్స్ ఉన్నాయి. స్కోపు గురి కోసం. రైఫిల్ భుజానికెత్తేసరికి దుప్పి అందులో కనిపించాలి, అంతే. ఎంత దూరంలో ఉంటే ఎంత పెద్దగా కనిపిస్తుందో నా కంటికి అలవాటే. తేలిక, గట్టిది, తిప్పడం మరిచిపోవడానికి అందులో ఏమీ లేదు. నా కళ్ళ సంగతి నాకు తెలుసు, నీ గొప్పల సంగతీ తెలుసు.

వంట డేరాలో కూర్చోను. క్యాంపులో నా చోటు తీసేస్తావా, తీసెయ్. ఈ కొండలు నీ జేబులో లేవు.

ఎవరి మాటా పడని నీ అక్క,
వెల్డా

నవంబరు 6

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు. మొన్న పొద్దున్నే ఎదుటి గుట్ట చూద్దామని స్కోపు పన్నెండుకు తిప్పాను. అలాగే వదిలేసి ఫర్ చెట్లలోకి నడిచాను. పదడుగుల దూరంలో మగదుప్పి లేచింది. ఎత్తి చూస్తే గాజు నిండా బొచ్చే! మెడో పిర్రో తెలియలేదు. తిప్పేలోగా కొమ్మలు విరుచుకుంటూ పోయింది. "ఏం బావా, వెంట్రుకలు లెక్కపెట్టావా?" అన్నాడు నా బావమరిది రస్. సిగ్గుతో చచ్చిపోయాను.

పైగా ఐలీన్ ఈసారి చెల్లెలింటికి వెళ్ళింది. రస్ మాడబెట్టిన చిక్కుడుగింజలే దిక్కు. నువ్వు రా అక్కా. ఆ స్కోపుతోనే రా.

నీ ఆర్విన్

నవంబరు 13

ప్రియమైన తమ్ముడూ,

ఉప్పు కోసం ఊళ్ళోకి దిగినప్పుడు నీ ఉత్తరం చూశాను. నేను రాను. ఉత్తరం వైపు వాగు ఎగువన నా డేరా నేనే వేసుకున్నాను.

నీ భార్య చెల్లెలింటికి వెళ్ళలేదు. ఇదిగో, నా పక్కనే కత్తి నూరుతోంది. వేసవిలోనే నీకు చెప్పకుండా వేట లైసెన్సు తీసుకుందట. "ఇన్నేళ్ళూ వీళ్ళు కొట్టినవి వండాను వదినా, ఒకటి నేనూ కొడతాను" అంది. వారమంతా ఖాళీ డబ్బాల మీద గురి నేర్పి, నా రైఫిలే ఇచ్చాను.

నిన్న మంచు పడుతుండగా చెట్ల అంచున మగదుప్పి నిలబడింది. ఐలీన్ తుపాకీ ఎత్తి, "ఏది తిప్పాలి వదినా?" అని గుసగుసగా అడిగింది.

"ఏదీ లేదు. కనిపిస్తోందిగా, కాల్చు."

ఒక్క గుండుకే పడింది. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మరదలు ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

మాంసం మోయడానికి మనుషులు కావాలి. నువ్వూ రస్సూ రావచ్చు. కానీ ఇక్కడ క్యాంపు పెద్ద ఐలీన్. తనని అడిగి లోపలికి రండి.

ప్రేమతో,
వెల్డా