గీతకు ఇవతల

సముద్రం మీద తిరుగుతున్న నా గువ్వకు,

నేల మీద నుంచి నాన్న దీవెనలు. దేవుడి దయ వల్ల ఇక్కడ మేమిద్దరం ఉన్నాం. నువ్వు అక్కడ క్షేమమని నమ్ముతున్నాను. మా గురించి కూడా క్షేమమని రాయబోయి, ఉన్నాం అని మాత్రమే రాశాను. అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టడం ఎందుకని.

ఓడ కంపెనీ వాళ్ళు పంపిన నీ ఉత్తరం అందింది. ఇంజను గదిలో వేడికి కారేది చెమట కాదు, నువ్వే కరిగిపోతున్నావని రాశావు. చదివి నవ్వాను, తర్వాత భయపడ్డాను. అగ్నిగుండంలో పడేసినా వెంట్రుక కమలకుండా బయటికొచ్చిన ముగ్గురున్నారు బైబిలు వాక్యంలో. ఆ మంటల్లో వాళ్ళతో పాటు ఇంకొకడు నడిచాడు. నీ పక్కన కూడా నడవమని ఆయన్ని రోజూ బతిమాలుతున్నాను. నీళ్ళు మాత్రం బాగా తాగు. మంచినీళ్ళు చేసే పని ప్రార్థన చేయదు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. వంటింటి కుళాయి ఇప్పుడు కారడం లేదు, వాషరు నేనే మార్చాను. లేత్ షాపుకి వెళ్ళడం పూర్తిగా మానేశాను. "ఉరుమన్నా, నువ్వు లేక షాపు మూగబోయింది" అంటాడు యజమాని. ఆ మిషను చప్పుడు మీద అరిచి అరిచి వచ్చిన గొంతే కదా నాది. ఆదివారం ప్రసంగం సంగతి అడిగావు, దానికి వస్తాను. చివర్న ఇంకొకటి అడిగావు: అమ్మ నన్ను తలుచుకుంటోందా, ఒప్పందం రద్దు చేసుకుని ఓడ దిగి వచ్చేయనా అని. దాని చుట్టూ కాస్త తిరగనివ్వు. నేను ఏ ప్రసంగం సూటిగా మొదలుపెట్టాను గనుక?

మొదట మీ అమ్మ చెయ్యి. పక్షవాతం వచ్చిన కుడిచేతికి వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వస్తోంది. మనిషి గాలికి ఎగిరిపోయేంత సన్నం, మాట మాత్రం సమ్మెట దెబ్బ. నొక్కమని రబ్బరు బంతి ఇస్తే మీ అమ్మ దాన్ని తలగడ కింద దాచేసేది. ఒకరోజు ఆ అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను నిలేసింది.

"ఇలా కాదు అంకుల్. ఆవిడ ఇష్టంగా వేళ్ళు కదిపే పని ఏదైనా ఉందా?"

"ఉందమ్మా. ప్రార్థన కూటంలో పాటల పుస్తకం పేజీలు తిప్పుతుంది."

"అది మీ ఇష్టం. నేనడిగేది ఆవిడ ఇష్టం."

వేదికెక్కితే కాగితం లేకుండా పూటంతా మాట్లాడేవాణ్ణి, పెళ్ళాం ఇష్టం ఏమిటంటే నీళ్ళు నమిలాను. అప్పుడు మంచం మీద నుంచి, గోడ వైపు తిరిగి పడుకునే, మీ అమ్మ అంది: "బండ్లాట."

నీ చిన్నప్పుడు మీ మేనమామ తెచ్చిన, టీవీకి తగిలించే ఆట పెట్టె అటక మీదే ఉంది. జంతువుల బొమ్మలు బుల్లి కార్లెక్కి పందెం వేసుకునే ఆట. వైర్లు ఎలుకలు కొరికాయి, టంకం వేసి అతికించాను. టీవీలో రంగులు పొంగాయి, ఆ పిచ్చి సంగీతం మొదలైంది. మీట్ల పెట్టె చేతికి ఇవ్వగానే, బంతిని నొక్కనని మొరాయించిన వేళ్ళు వాటంతటవే మీటలు వెతుక్కున్నాయి. తెర మీద ఎలుగుబంటి వచ్చింది, నక్క వచ్చింది, బాతు వచ్చింది. అన్నింటినీ పక్కకు తోసేసి మీ అమ్మ గొర్రె దగ్గర ఆగింది. నా ఆనందం చూడాలి! ఎంత మతి తప్పినా మంద తప్పలేదనుకున్నాను. అంతలో రెండో మీట్ల పెట్టె నా చేతిలో పెట్టి, "మేక నీది" అంది.

తీర్పు నాడు మేకలు నరకం పక్కన నిలబడతాయని ఊరందరికీ చెప్పి వణికించినవాణ్ణి. "మేక నాదేమిటి?" అన్నాను.

"ఎప్పుడూ నీదే కదే, గువ్వా."

గువ్వా, ఆ ఒక్కమాటకి ఆమె మొహం కడిగిన పళ్ళెంలా వెలిగింది. నేను గువ్వను కాను, నీ మొగుణ్ణి అనవలసింది. అనలేదు. "ఆఁ అమ్మా" అన్నాను. మేకతోలు చేతులకు చుట్టుకుని, గుడ్డి తండ్రి ముందు అన్న పేరు చెప్పుకుని దీవెన కాజేసినవాడు గుర్తున్నాడా? వాడి మీద నేను చెప్పని మాట లేదు. ఇప్పుడు వాడి తోలే తొడుక్కుని రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే మీ అమ్మ పక్కన కూర్చుంటున్నాను.

మధ్యలో నవ్వులు కూడా లేకపోలేదు. కూటానికి వచ్చే బెల్లంకొట్టు చెల్లెమ్మ, అదే, మన తలుపు తట్టకుండా లోపలికి వచ్చేసే ఆవిడ, ఒకరోజు వచ్చి నా చేతిలో మీట్ల పెట్టె చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అన్నయ్యా! ఇదేం విడ్డూరం?"

"పరిచర్య చెల్లెమ్మా. ఇరుకు దారిన నడవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది."

"అవునవును, ఇందాకట్నుంచి చూస్తూనే ఉన్నా. దారి మీద కన్నా చెరువులోనే ఎక్కువ ఉన్నావు. మేకకి బాప్తిస్మం ఇస్తున్నావా?"

మీ అమ్మ పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. వ్యాయామం అమ్మాయి వచ్చి మీ అమ్మ వేళ్ళు వంచి చూసి, బాగుంది, మానకండి అని వెళ్ళింది.

మానకుండా ఉంటే సరిపోయేది. నేను నేర్చుకున్నాను. అదీ నేను చేసిన పని. ఏదైనా చేస్తే పూర్తిగా చేయాలనే మనిషిని కదా. మలుపులు బట్టీ పట్టాను, వెనక వచ్చేవాళ్ళు జారేలా సబ్బు నురగ ఎప్పుడు వదలాలో పట్టుకున్నాను. పందెంలో పరుగెత్తేవాడు బహుమానం మీదే కన్నుంచి పరుగెత్తాలని వాక్యం చేత పట్టుకుని జీవితమంతా అరిచాను, మేక మీద కూర్చోగానే మానేస్తానా? ఒకనాడు నక్కనీ బాతునీ అందరినీ దాటేసి, మీ అమ్మ గొర్రె ఇంకా వంతెన దగ్గర ఉండగానే, ముగింపు గీత దాటాను. దాటి, కుర్చీలోంచి లేచి, "స్తోత్రం!" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాను.

తిరిగి చూస్తే మీ అమ్మ బిక్కచచ్చిపోయి ఉంది. మీట్ల పెట్టె ఒళ్ళోంచి జారిపోయింది.

"ఆగలేదేం?" అంది. "గీతకి ఇవతల ఆగుతావుగా నువ్వు. నేను వచ్చేదాకా ఆగుతావుగా."

తర్వాత నా మొహంలోకి తేరిపార చూసి, కొంగు దగ్గరికి లాక్కుని, "నువ్వెవరు? మా గువ్వేది?" అంది.

ఆ మర్నాడు ఆటకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బంతి మళ్ళీ తలగడ కిందకి పోయింది. నేను ముద్ద కలిపి పెడితే నోరు తెరవలేదు, బెల్లంకొట్టు చెల్లెమ్మ పెడితే తింది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని బడి వదిలే వేళకి వీధి వైపు చూసేది. మీరిద్దరూ అలా ఆడుకునేవారని నాకెలా తెలుస్తుంది? నేనెప్పుడూ ఇంకో వీధిలో ఎవరి పాపాలకో ఏడుస్తూ ఉండేవాణ్ణి.

ఆమె ముందు నేల మీద కూర్చుని ఎన్ని రోజులు బతిమాలానో. "ఇవాళ ఆగుతానమ్మా, ఒట్టు." ఒట్టు పెట్టుకోవద్దని చెప్పే నోటితోనే. చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. నేను గీత దాకా వెళ్ళి ఆగాను. మిగతా జంతువులన్నీ నన్ను దాటుకుని పోయాయి, జెండా ఊపే కొంగ ఊపుతూనే ఉంది. గొర్రె దేక్కుంటూ వచ్చి మేక పక్కన ఆగింది. మేమిద్దరం దాటేదాకా ఆట ముగియదు కాబట్టి ఆ రెండు బండ్లూ అక్కడే నిలబడి గుడగుడమంటున్నాయి. మీ అమ్మ మీట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, నా వైపు తిరిగింది.

"ఊఁ. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పనమ్మా?"

"బడి సంగతులు. రోజూ చెప్పేవేగా."

అప్పుడు తెలిసింది నాకు, ఆ గీతకు ఇవతల మీ ఇద్దరికీ ఒక ఇల్లు ఉండేదని. నాకు బడి సంగతులేం తెలుసు? నీ ఉత్తరాల్లోవి చెప్పాను. నీళ్ళలోంచి ఎగిరి డెక్కు మీద పడ్డ చేప, రెంచి పోగొట్టుకుని టోపీలో వెతుక్కున్న ఇంజనీరు, అవన్నీ తరగతి గదిలో జరిగినట్టే విని మీ అమ్మ "ఆహా, తర్వాత?" అంటూ పోయింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మీ నాన్నకి చెప్పకు."

"చెప్పను."

"పెద్దయ్యాక నువ్వు దూరం వెళ్ళిపోవాలి. బాగా దూరం."

"ఎందుకమ్మా?"

"ఆయన మంచోడేనే. కానీ ఆ గొంతుతోనే ఇల్లు నిండిపోద్ది. నాదేముంది, ఏ మూలో సర్దుకుంటా. నువ్వు సర్దుకోకు."

ఈ మాటలు ఆమె నీకు ఎప్పుడో చెప్పినవో, చెప్పాలనుకుని మింగేసినవో నాకు తెలియదు. నీకు తెలుసు. నువ్వు ఓడెక్కిన రోజు నుంచీ, లోకం నా కూతుర్ని లాక్కుపోయిందని మొన్న మొన్నటి దాకా దేవుడి దగ్గర ఫిర్యాదు చేస్తూనే ఉన్నాను. లాక్కుపోయింది లోకం కాదట. సాగనంపింది మీ అమ్మట.

ఆదివారం ప్రసంగం అడిగావు కదా. ఆ వారం లేచి నిలబడ్డాను, జనం సర్దుకుని కూర్చున్నారు, నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. కూర్చుండిపోయాను. అప్పట్నుంచి చిన్నవాడొకడు మాట్లాడుతున్నాడు. బాగానే మాట్లాడుతున్నాడు. నేను వెనక బల్ల మీద కూర్చుని వింటున్నాను.

ఇక దాటేయలేను. మీ అమ్మ నిన్ను తలుచుకుంటోందా? రోజూ. పొద్దున లేస్తే నీ పేరే. కానీ ఆమె పిలిచే గువ్వకి పదేళ్ళు. నువ్వు ఇంజను పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో చూపిస్తే, "ఎవరి పిల్లో పాపం, అలిసిపోయింది. తిందో లేదో" అంది. ఫోనులో నీ గొంతు వినిపిస్తే ఫోను వెనక్కి తిప్పి చూస్తుంది. ఇప్పుడు కొన్ని రోజులు మీటలు కూడా మర్చిపోతోంది. గొర్రె బయలుదేరిన చోటే నిలబడిపోతే, నేను మేకని వెనక్కి తిప్పుకుని దాని దగ్గరికే వెళుతున్నాను. మతి ఇంకెన్నాళ్ళో డాక్టరు చెప్పడం లేదు, నేను అడగడం లేదు.

ఇక నీకు చెప్పకుండా నేను దాచిన సంగతి. ఆ మధ్యాహ్నం మాట అక్కడితో అయిపోలేదు.

"మరి నువ్వేం చేస్తావమ్మా?" అని అడిగాను. నీ తరఫున అడిగానో, నా కోసం అడిగానో.

"ఎప్పుడో ఒంట్లో బాగోదు. భయమేసి రమ్మంటాను. రమ్మన్నా రాకు. వస్తే మళ్ళీ పోలేవు, ఉంచేసుకుంటాం. మాటివ్వు" అంది. అని ఆ కుడిచెయ్యే చాచింది. వేళ్ళు సగమే తెరుచుకున్నాయి.

ఆ చేతిలో నా చెయ్యి వేశాను. "రానమ్మా" అన్నాను. నీ పేరు మీద, నీ గొంతుతో, నువ్వు రావని మాటిచ్చాను. ఆమె తృప్తిగా తల ఊపి మీట నొక్కింది. గొర్రె, మేక కలిసే గీత దాటాయి.

అందుకే నీ ఉత్తరం వచ్చి ఇన్నాళ్ళయినా జవాబు రాయలేకపోయాను. వచ్చేయనా అని నువ్వడుగుతున్నావు, రానని నీ బదులు నేను చెప్పేశాను. నోరు జారి మొక్కుకుని, ఆ మాట నిలబెట్టుకోవడానికి కన్నకూతుర్ని పోగొట్టుకున్న తండ్రి కథ వాక్యంలో ఉంది. ఆ కథ ఎన్ని ఊళ్ళలో చెప్పానో, మాట అంటే అలా ఉండాలని బల్ల గుద్ది మరీ చెప్పాను. ఆ పిల్ల వైపు నుంచి ఒక్కనాడూ చెప్పలేదు.

తల్లీ, ఆ మాట నీది కాదు. ఇచ్చినవాణ్ణి నేను, తప్పేవాణ్ణీ నేనే. రా. నిన్ను గుర్తుపట్టదు, అయినా రా. వచ్చి ఆ మేక నువ్వు తీసుకో, నేను వంటింట్లో ఉంటాను, మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నా నాకు చెప్పనక్కర్లేదు. మళ్ళీ పోలేవని కదా ఆమె భయం? పోతావు. నిన్ను ఆపడానికి నా నోరు లేవదు. తిరిగి వెళ్ళే టికెట్టు కూడా ఇప్పుడే కొనుక్కుని రా.

ఇట్లు,
మీ అమ్మ నిద్రపోతుంటే పక్కన కూర్చుని రాస్తున్న
నీ నాన్న