అటక మీది కర్ర

అక్కకు నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను, చివరిదాకా చదివి అప్పుడు కంగారు పడు.

పోలియో వచ్చిన ఎడమకాలు ఎప్పటిలాగే ఉంది. కుట్టుమిషను తొక్కే కుడికాలే ఏడాదిగా పట్టు తప్పుతోంది. కూర్చుంటే కాలు మొద్దుబారుతుందని చిన్నప్పుడు నువ్వనేదానివి కదా, అందుకని రోజూ మేడమెట్లు పదిసార్లు ఎక్కి దిగాను. ఇంకా నీరసించింది. డాక్టరమ్మకు చూపించాను.

"మెట్లెక్కమని ఎవరు చెప్పారు తాతగారూ?" అంది.

"మా అక్కండీ."

"ఆవిడ డాక్టరా?"

"కాదండీ. నన్ను చంకనేసుకుని బడికి మోసింది."

ఆమె నవ్వింది. "అప్పుడు ఆవిడ చెప్పింది సరే. పోలియో వచ్చినప్పుడే కుడికాల్లో కూడా కొన్ని నరాలు పోయాయి. వాటి పని మిగిలినవే ఇన్నేళ్ళూ చేసి అలిసిపోయాయి. ఇక తరమకండి. కర్ర పట్టుకుని నడవండి" అంది.

మిషనుకు మోటారు పెట్టించాను. బావగారి చొక్కా దానిమీదే కుట్టాను. పొట్ట దగ్గర కాస్త వదులు పెట్టాను, ఏమీ అనుకోవద్దని చెప్పు.

నేను కుట్టుకొట్లో పనికి చేరిన రోజు "ఇక నీకిది అక్కర్లేదురా" అని నా కర్ర అటక ఎక్కించావు. ఇటు వచ్చేవాళ్ళు ఉంటే ఇచ్చి పంపు. నీ కష్టం వృథా అయిందనుకోకు. యాభై ఏళ్ళు అది లేకుండానే నడిచాను, అంతా నీ చలవే.

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఆ కర్ర ఇప్పటికే దించి నువ్వు వాడుకుంటుంటే దాచకుండా రాయి. నేనిక్కడ ఇంకోటి కొనుక్కుంటాను.

నీ చంటోడు