పిప్పరమెంటు వాసన

కార్డిఫ్
శనివారం

ప్రియమైన మేరీ అక్కకు,

నీ తమ్ముడి వందనాలు. నీ మోకాళ్ళ నొప్పి, బావగారి షుగరు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను.

సునీత ఆఖరి రోజు ఎలా గడిచిందని ఫోనులో అడిగావు. ఇప్పుడు రాస్తున్నాను. ఉదయం కాస్త గంజి తాగింది. మధ్యాహ్నం వాన చూడాలని వార్డు కిటికీ తెర తీయమంది. నేను కిందికి వెళ్ళి వచ్చాను. సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, ఇంట్లో రోజూ చేసినట్టే, వేళ్ళు వాసన చూసింది.

"సిగరెట్టు వాసన లేదండీ."

"లేదు."

"పిప్పరమెంటు వాసన వస్తోంది. చిన్నపిల్లాడిలా అవి చప్పరిస్తున్నారా? పళ్ళు పుచ్చిపోతాయి."

"అవును," అన్నాను.

నవ్వింది. నీకు ఫోను కలపమంది. "వదినా, మీ ప్రార్థన ఫలించింది, మీ తమ్ముడు మానేశారు," అని నీతో చెప్పింది. చీకటి పడకముందే పోయింది. నేను పక్కనే ఉన్నాను.

అక్కా, అది పిప్పరమెంటు కాదు. ఇక్కడ ఈ-సిగరెట్టు అని దొరుకుతుంది. లావుపాటి పెన్నులా ఉంటుంది. పొగాకు ఉండదు. నికొటిన్ కలిపిన ద్రవం వేడెక్కితే ఆ ఆవిరి పీల్చడమే. నాది పుదీనా రుచిది. ద్రవం వేళ్ళకి అంటుతుంది. సిగరెట్లు మానిన మాట నిజం. నికొటిన్ మానలేదు. సిగరెట్టయితే కాలి అయిపోయేది. దీనికి అయిపోవడమంటూ లేదు. లేవగానే దిండు కింద తడుముకుంటాను. ఆఫీసులో టాయిలెట్లో తలుపు వేసుకుని పీలుస్తాను. సమాధి దగ్గర పాట పాడుతుంటే కూడా నా చెయ్యి జేబులోనే ఉంది.

మా డాక్టరు క్లినిక్‌లో నర్సుకి చెప్పాను. "సిగరెట్ల కంటే ఇది నయమే, మళ్ళీ వాటి జోలికి పోకండి. దీని మోతాదు మెల్లగా తగ్గిద్దాం," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నువ్వు నా కోసం శుక్రవారాలు ఉపవాసం ఉన్నావు. నేను మానేశానని చర్చిలో కృతజ్ఞత కానుక కూడా ఇచ్చావు. ఇక్కడి తెలుగు సహవాసంలోనూ అదే చెప్పుకుంటున్నారు. కూడిక నడిపే జాన్ అంకుల్ మొన్న నన్ను కావలించుకుని, "ఏమయ్యా, పుదీనా పచ్చడిలా ఘుమఘుమలాడుతున్నావే! ఆదివారం సునీత జ్ఞాపకార్థ కూడికలో ముందు నీ సాక్ష్యమే. సిగరెట్టు ఎలా మానావో చెప్పాలి," అన్నారు. సరేనన్నాను. పదిమంది ముందు, దేవుడి ముందు చెప్పేది. రాసుకుందామని కూర్చున్నాను. ఆమె పేరు దాటి రాయలేకపోయాను.

చలి మొదలైంది. అన్నం వండుకుంటున్నాను, దిగులు పడకు. ఆవకాయ పంపొద్దు. సునీత మూత బిగించిన సీసా ఇంకా తీయలేదు.

బావగారికి నా వందనాలు. నా కోసం మళ్ళీ ప్రార్థన చెయ్యి. ఈసారి మానలేదని చెప్పి చెయ్యి.

రేపు ఉదయం సాక్ష్యానికి లేచి, ముందు జేబులోది తీసి బైబిలు పక్కన పెడతాను. ఆ తరువాత సునీత ఆ సాయంత్రం అడిగినదానికి నిజమైన జవాబు చెబుతాను.

నీ తమ్ముడు,
డేవిడ్