మరభూతం నాలుగోసారి వచ్చింది

2007 ఫిబ్రవరి 1, గురువారం
ఇందుమూలముగా యావన్మంది ఏలూరు పురజనులకు తెలియజేయునదేమనగా — ఈ ఉదయం నా ఎడమకాలి చెప్పు తెగినది. కుడిది క్షేమము. అంత్యక్రియల వివరములు భోజనానంతరము ప్రకటించబడును.
వంటింట్లోంచి రూతు — "మైకు లేనప్పుడు కూడా ఎందుకండీ ఆ అరుపు?"
పెళ్ళై ఇన్నేళ్ళయినా మా ఆవిడ అండీ అంటూనే తిడుతుంది.

ఫిబ్రవరి 2
హాలు మేనేజరు గారు పిలిచారు. మరభూతం నాలుగో భాగం. రీళ్ళ పెట్టె మనకి వచ్చే శుక్రవారం.
"ఇదీ పడుకుంటే సినిమాలు ఆపేసి హాలు పెళ్ళిళ్ళకిచ్చేస్తారటండీ ఓనరు గారు. అంతా మీ నోటి మీదే ఉందండీ."
నా నోటి మీద! పదో తరగతి తప్పిన నోరు. ఆటోకి మైకు కట్టి ఊరూరా సినిమాలు అరిచీ అరిచీ అరిగిపోయిన నోరు.

ఫిబ్రవరి 3
మొదటి భాగానికి అబద్ధం అక్కర్లేకపోయింది. ఇనుప మనిషి, వాణ్ణి తయారుచేసిన ఇంజనీరు. ఇంజనీరు చచ్చిపోతుంటే ఆ ఇనుము పక్కన కూర్చుని, బాటరీ అయిపోయేదాకా అతని చెయ్యి వదల్లేదు. డబ్బింగే అయినా హాలంతా ముక్కులు చీదారు. సగం కథ చెప్పి "మిగతాది తెరమీద" అంటే చాలు — కొల్లేటి లంకల్లోంచి ఊళ్ళకి ఊళ్ళే కదిలొచ్చాయి.
రెండోదాంట్లో ఒక భూతానికి బదులు గుంపు. కాస్త ఉప్పూ కారం చల్లి చెప్పాను.
మూడోదానికి... "చచ్చిపోయిన ఇంజనీరు తిరిగొచ్చాడు!" అని అరిచాను. వచ్చింది గోడమీద ఫొటో. లారీ కట్టించుకుని వచ్చిన లంక జనం ఇంటర్వెల్లో టీకొట్టు దగ్గర నన్ను చుట్టేశారు. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.
"ఏవండీ మైకు గారూ, ఫొటోకి దండ కూడా వేశారండీ. భలే బతికొచ్చారండీ ఇంజనీరు గారు."

ఫిబ్రవరి 4, ఆదివారం
రూతు చర్చికి. నేను గూడెం బస్సెక్కాను. అక్కడ నాలుగోది మొన్నే రిలీజయింది.
చూశాను...
భూతం జోకులేస్తోంది. పాటకి నడుం తిప్పుతోంది. మొదటి భాగంలో ఒక్క మాట మాట్లాడని ఇనుము ఇప్పుడు మా మేనేజరు గారికంటే ఎక్కువ వాగుతోంది. ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో తెలీదు — ఇనపసామాను కొట్టు కూలినట్టు చప్పుడు. అంత చప్పుళ్ళోనూ పక్క సీటాయన గురక. భుజం తట్టి "ఏవండీ, ఇంజనీరు వచ్చేశాడండీ" అన్నాను. ఉలిక్కిపడి లేచి చివరిదాకా వెతుక్కున్నాడు పాపం.
టిక్కెట్టుకి గిట్టింది అదొక్కటే.

ఫిబ్రవరి 5
చేపల మార్కెట్టులో చంద్రమ్మక్క. లంక నుంచి ఆ లారీ కట్టించింది ఈవిడే. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు కొట్టేశాక గంపతో ఏలూరొచ్చి అమ్ముకుంటోంది.
"తమ్ముడూ, నాలుగోది వస్తోందట. మావోళ్ళు నన్నడుగుతున్నారు. నేను నిన్నడుగుతున్నా. బాగుందా?"
"మైకులో చెప్తాలే అక్కా."
"మైకులో వద్దు. ఇక్కడ చెప్పు."
బస్సొచ్చేసిందని పారిపోయాను. ఏ బస్సూ రాలేదు.

ఫిబ్రవరి 6
మేనేజరు గారు — "ఇంజనీరు గారి కొడుకు పగ తీర్చుకుంటాడని చెప్పండి."
"ఆయనకి కొడుకు లేడు కదండీ."
"లేడని ఎవరికి గుర్తుంటుందండీ?"
చంద్రమ్మక్కకి గుర్తుంటుంది.
మైకు ఎత్తి, మళ్ళీ దించేశాను. మైకు బరువెక్కిందో, చెయ్యే సన్నబడిందో.

ఫిబ్రవరి 7
లంకకి వెళ్ళాను. ఆటో ఆపి, మైకు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అయ్యా, అమ్మా, ఈ భాగం బాగోలేదండీ. భూతం గెంతులేస్తుందండీ. ఆపైన మీ ఇష్టమండీ."
ముందు చంద్రమ్మక్క నవ్వింది. "ఇన్నాళ్ళకి ఒక్క నిజం చెప్పాడర్రా. దానికోసమైనా వెళ్దాం పదండి!" అంతా గొల్లున నవ్వారు. లారీ మాట్లాడుకుంటారట.
రూతుకి చెప్పాను. నా మొహం చూసింది. అన్నం పెట్టింది.

ఫిబ్రవరి 8
రేపే పెట్టె వచ్చేది. మేనేజరు గారు పొద్దున్నుంచీ అదే మాట — "లంక జనం వస్తారాండీ?" వస్తారన్నాను.
నిన్న రాసింది...
బయల్దేరిన మాట నిజం. ఊరి ముందు మలుపులో ఆటో ఆపిన మాటా నిజం. ఇళ్ళు కనిపిస్తున్నాయి. ఎవరో వల ఆరేస్తున్నారు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. అబద్ధం రాలేదు. నిజమూ రాలేదు. ఆటో వెనక్కి తిప్పేశాను.
చంద్రమ్మక్క నవ్వడం — అది నేను కల్పించుకున్నదే.