క్షేమం బటన్

అక్కా,

నీ పాదాలకు నమస్కారం. బావగారి బీపీ అదుపులోకి వచ్చిందా? కంకిపాడు పెద్దమ్మకి కళ్ళజోడు మార్పించారా? నా మేనకోడలు శ్రావణి మడమ నొప్పి తగ్గి మళ్ళీ నాట్య సాధన మొదలుపెట్టిందా? అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. దీని తర్వాత "నేనిక్కడ క్షేమం" అని రాయాలి. ఆ ముక్క ఈసారి రాయను. కొట్లో గిరాకీ ఉంటే ఇప్పుడే మడిచి పెట్టెయ్, ఇంటికెళ్ళి కూర్చుని చదువు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదరా అంటావు. నాలుగుసార్లు మొదలుపెట్టాను. "అన్నం తిన్నావా? కట్టు విప్పారా? విప్పే ఉంటార్లే" అని నువ్వే అడిగి నువ్వే జవాబు చెప్పేసుకుంటావు. ఎదుటివాణ్ణి నోరు తెరవనిస్తేగా! పోనీలే, నిజానికి నాకే నోరు పెగల్లేదు.

ఈ దేశంలో ఎండలు మన రోహిణి కార్తెను మించి ఉన్నాయి. గనుల మట్టిని పరీక్షించే మా ల్యాబువాళ్ళు మంచివాళ్ళు, నా ఉద్యోగం ఉంచారు. తిండి మాత్రం ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉప్పూ కారం లేని కోడి ముక్క. నా గదిలో ఉండే రఘు ఆదివారాలు పప్పన్నం డబ్బాలో పెట్టి తెస్తాడు. ఆదివారాలు తేవడమేంట్రా, ఒకే గదిలో ఉంటారుగా అంటావేమో. నేను గదిలో లేనక్కా. ఇన్నాళ్ళూ ఆస్పత్రిలోనే ఉన్నాను.

మొదటి నుంచీ చెబుతాను.

నాకు ఇక్కడ సెలవు రోజులు గడవవని నీకు తెలుసు. నాలుగు గోడలు చూస్తూ కూర్చునే కంటే సైకిలెక్కి ఆ ఎర్రమట్టి రోడ్ల మీద పోతుంటే ప్రాణం తేలిగ్గా ఉండేది. కంకిపాడు కాలవగట్టు మీద పోతున్నట్టే ఉంటుంది, కాలవ ఉండదు, మనిషీ కనపడడు, అంతే. "ఫోను పనిచేయని చోట ఒక్కడివే తిరుగుతానంటే నేనొప్పుకోను. ఉపగ్రహానికి కబురు పంపే పరికరం ఉంటుందటగా, అది కొంటేనే కదులు" అన్నావు. కొన్నాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒక బటన్ నొక్కితే నీ ఫోనుకీ రఘు ఫోనుకీ "క్షేమం" అని వస్తుంది, నేనున్న చోట మ్యాపులో చుక్క పడుతుంది, అది నువ్వెప్పుడూ తెరిచి చూడవనుకో. మూత కింద ఇంకో బటన్ ఉంది, అది ప్రాణం మీదికి వచ్చినప్పుడు. అది నొక్కితే సహాయ కేంద్రం వాళ్ళు ముందు ఇంటివాళ్ళకి ఫోన్ చేస్తారు. ఇంటివాళ్ళ పేరు దగ్గర నీ పేరే రాశాను.

నువ్వు కొట్టు తెరిచి దీపం పెట్టే వేళకి నాకు మధ్యాహ్నం. రోజూ ఆ వేళకి "క్షేమం" నొక్కేవాణ్ణి. అది రాకపోతే నువ్వు బోణీ కూడా చెయ్యవని బావగారు చెప్పారు.

శ్రావణి రంగప్రవేశం రోజు పొద్దున్నే పడ్డాను. రోడ్డు వంపులో కంకర జారి, పక్కనున్న ఎండిపోయిన వాగులోకి సైకిలుతో సహా దొర్లిపోయాను. ఎడమ కాలు మోకాలి కింద విరిగి ఎముక బయటికొచ్చింది. పైన రోడ్డు మీద లారీ పోయిన చప్పుడు వినిపించింది, వాడికి నేను కనపడను. మూత తీశాను. అప్పుడు మీరందరూ కళ్ళ ముందు మెదిలారు. నువ్వు కూచిపూడి బయల్దేరుతూ ఉంటావు, శ్రావణికి జడ వేస్తూ ఉంటావు. పదేళ్ళు ఎదురుచూసిన రోజు. ఆ ఫోన్ వస్తే కార్యక్రమం ఆగిపోతుంది. మూత మూసేశాను. మధ్యాహ్నం దాకా ఓర్చుకుని "క్షేమం" నొక్కాను.

రఘు కూడా అది చూసి, రాత్రికి బయటే పడుకుంటాననుకుని వాడి పనిలో వాడు పడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే నొక్కాను. ఎందుకు నొక్కావురా అంటావు. ఇంట్లో చుట్టాలుంటారనుకున్నాను. నిన్న అబద్ధం చెప్పిన సంగతి బయటపడుతుందని సిగ్గేసింది. నొప్పి కూడా తగ్గింది, నయమవుతోంది అనుకున్నాను, వెర్రివెధవని. ఒక గంట పోయాక చూసుకుంటే కాలికి చీమలు పట్టి ఉన్నాయి. కుడుతున్నట్టే నాకు తెలియలేదు. అప్పుడు మూత తీసి నొక్కాను.

వాళ్ళు ఫోన్ చేస్తే నువ్వన్న మాట నువ్వే నాకు నవ్వుతూ చెప్పావు. "గంట క్రితమే క్షేమమని పంపాడండీ, సంచిలో పడి నొక్కుకుని ఉంటుంది" అన్నావట. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. అక్కా, ఆ మాట వల్ల ఏమీ కాలేదు. వాళ్ళు ఆగలేదు, సాయంత్రానికల్లా జీపులో వచ్చేశారు. అప్పటికే కాలు చచ్చిపోయిందని డాక్టరు నాతో తేల్చి చెప్పాడు. మొదటి రోజే నొక్కి ఉంటే నిలిచేదట. ఇది నీ మీదా శ్రావణి మీదా పెట్టుకున్నావో, నా మీద ఒట్టే. మూత మూసింది నా చెయ్యి.

మోకాలి కింద తీసేశారు. నీకు చెప్పిన కట్టు, బెణుకు, అన్నీ అబద్ధాలు. కొత్త కాలు పెట్టి నడక నేర్పుతున్నారు, ఇరవై అడుగులు వేస్తున్నాను. లేని వేళ్ళు దురదపెడుతుంటాయి. గోక్కోవడానికి ఏమీ ఉండదు.

వచ్చే నెల సెలవు ఇస్తామన్నారు, వస్తాను. గన్నవరానికి నువ్వొక్కదానివే రా. పెద్దమ్మకి ముందుగా నువ్వు చెప్పి ఉంచు. కొట్లోంచి మగ్గం పంచెలు రెండు తీసి పెట్టు, ప్యాంటు కాలు మడిచి పిన్ను పెట్టుకోలేక చస్తున్నాను. శ్రావణి నాట్యం వీడియో పంపావు కానీ నేనింకా చూడలేదు. నీ పక్కన కూర్చుని చూస్తాను. బావగారికి నమస్కారాలు, పెద్దమ్మకి పాదాభివందనాలు, శ్రావణికి ముద్దులు. నన్ను తిట్టుకున్నాక దీవించు.

ఇంకొక్కటి. ఈ మంచం మీద నుంచి కూడా రోజూ మధ్యాహ్నం కిటికీలోంచి చెయ్యి చాపి ఆ బటన్ నొక్కుతూనే ఉన్నాను, నువ్వు బోణీ చేసుకోవాలని. ఈ కవరు ఎక్కడిదాకా వచ్చిందో నాకు ఫోన్‌లో తెలుస్తుంది. నీకు అందినట్టు కనపడిన రోజు నుంచి ఇక నొక్కను. ఎలా ఉన్నావురా అని ఫోన్ చేసి అడుగు. అడిగి, కాసేపు ఆగు.

నీ తమ్ముడు
శ్రీను