జీడితోటలో బస్సు

జూన్ 11
తెల్లారి చూస్తే బస్సు పైకప్పు అతుకుల దగ్గర మళ్లీ కారింది. మొన్న పరిచిన ప్లైవుడ్ అంతా ఉబ్బిపోయింది. మేకులు పీకి, చెక్కలు ఒక్కొక్కటీ మోసుకొచ్చి జీడిచెట్లకు ఆనించాను. నీలవేణికి చెప్పకూడదనుకున్నాను. ఇంట్లో మంచం మీంచే, కిటికీలోంచి చూసేసింది.

జూన్ 13
నీలవేణి డయాలసిస్ రోజు. పలాస ఆస్పత్రి. తన పక్క మంచం ఖాళీ. ఎప్పుడూ దాని మీద పడుకుని తనకు సముద్రంలో చేపల వేట కబుర్లు చెప్పే పెద్దాయన రాలేదు. నర్సును ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

జూన్ 14
పని చేయలేదు.

జూన్ 15
ఇవాళా లేదు. పానా పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుండిపోయాను. ఈ సీట్లోనే ఇన్నేళ్లూ కాలేజీ పిల్లల్ని తిప్పాను. బస్సు తుక్కుకు పోతుంటే నేనే తెచ్చుకున్నాను. ఇందులోనే వంట, ఇందులోనే పడక. ఇద్దరం పూరీ దాకా, అక్కణ్ణించి ఎటు బుద్ధి పుడితే అటు పోదామనుకున్నాం... అప్పటికి తన కిడ్నీల సంగతి తెలీదు.

జూన్ 17
గవర్రాజు వెల్డింగ్ సామాను దించాడు గానీ పని మొదలుపెట్టలేదు. బీడీ కాల్చి, నా మొహం చూడకుండా అన్నాడు: "ఒరే, ఇది పూర్తయినా ఎక్కడికెల్తారు? రెండ్రోజులు తిరక్కుండా ఆస్పత్రికి రావాల కదా. ఆలోసించుకో."
చిన్నప్పటి స్నేహితుడు. నా చెడు కోరడు. నిజమే చెప్పాడు. అందుకే కోపం వచ్చింది.

జూన్ 19
తనే అడిగింది. "ఏటి బావా, సుత్తి సప్పుడు ఇనపడ్డం లేదు?"
గవర్రాజు మాట చెప్పేశాను. కొంగు మడతపెట్టుకుంది. తర్వాత మెల్లగా — బారువ వెళ్లి, సముద్రం దగ్గర ఒక్క రాత్రి పడుకుని రాలేమా అని అడిగింది. వెళ్లగలం అన్నాను.
"అయితే ఆపకు. ఆ సప్పుడుంటే ఏదో ఒకటి జరగతన్నాదనిపిస్తాది. లేకపోతే ఒట్టి ఫేను సప్పుడే ఇనాల."

జూన్ 22
చేతులు ఆడలేదు. అయినా తను వింటుందని ఉత్తి చెక్క మీద సుత్తితో కొడుతూ కూర్చున్నాను. అన్నం దగ్గర అంది — ఇయ్యాల మేకులు అయిపోయాయేటి, అని.
మేకు దిగని చప్పుడని తనకు తెలిసిపోయింది. తను నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
సాయంత్రం నిజంగా కొట్టాను.

జూన్ 30
కప్పు కారడం లేదు. కొత్త చెక్కలు పరిచాం. కాళ్ల వాపుతో తను బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. గవర్రాజు కింద ఇంకో మెట్టు అతికించాడు. నేను అడగలేదు.

జులై 6
మంచం బిగించాను. మెల్లగా నడిపించుకొచ్చి తనను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఇంజను స్టార్ట్ చేశాను. అద్దంలో చూస్తే తను వణుకుతోంది. పాత బండి అదురు కదా అనుకుని ఆపేశాను.
ఇంజను ఆగింది. తను వణుకుతూనే ఉంది. ఒళ్లు కాలిపోతోంది.

జులై 7
శ్రీకాకుళం. పెద్దాస్పత్రి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయిందంటున్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాను.

జులై 8
అలాగే ఉంది.

జులై 10
కళ్లు తెరిచింది. గొంతు సన్నగా... చెవి దగ్గర పెడితే గానీ వినపడలేదు. "ఇక్కడ కూకుని ఏటి సేస్తావు? నా తమ్ముడున్నాడు కదా. ఇంటికెల్లు. బస్సులో పొయ్యి గట్టొక్కటే మిగిలింది... అది కట్టీయ్."
డాక్టరును అడిగాను. చూద్దాం అన్నాడు.

జులై 11
ఇంటికొచ్చాను. గట్టుకు కావలసిన ఇనుము గవర్రాజు అప్పటికే కోసి ఉంచాడు. టేపు లాగి పట్టుకుని అడిగాడు: "ఎంతెత్తు ఎట్టమంటావు?"
తను నా భుజం దాకా వస్తుంది. తన ఎత్తుకు పెడితే నేను నడుం వంచి వండాలి. నా ఎత్తుకు పెడితే...
వాడు టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముందు నీళ్ల ట్యాంకు పని చూద్దామన్నాను.